ఏడున్నర కిలోలు

ఆ మెయిల్ వచ్చిన రోజు అశ్వారావుపేటలో పొద్దుటి నుంచీ ముసురు. కాలేజీకి పిల్లలు సగం మంది కూడా రాలేదు. కంప్యూటర్ ల్యాబులో ఒక్కతే కూర్చున్న లాలి, ఏదో తెలియని భాషలో ఉన్న ఆ మెయిల్‌ని పనికిరానిదనుకుని తీసేయబోయింది. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో 'తూకం' అని తన ప్రోగ్రాం పేరు కనిపించి చెయ్యి ఆగింది.

అది పోర్చుగీసు. కంప్యూటర్ చేతనే అనువాదం చేయించి చదివింది. రాసినావిడ పేరు ఇల్డా. ఆఫ్రికాలో మొజాంబిక్ దేశపు పల్లెటూరి ఆసుపత్రిలో నర్సు. "మీ ప్రోగ్రాం ఈ రోజు ఏడున్నర కిలోల పసిబిడ్డకు పదింతల మందు వెయ్యమని చెప్పింది. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి సిరంజిలోకి మందు లాగుతుంటే నా చెయ్యే ఆగిపోయింది. కొత్తగా చేరిన పిల్లయితే ఆగేది కాదు. దయచేసి చూడండి" అని రాసింది.

లాలి మరోసారి చదివింది.

లాలి ఆ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. భర్త భాస్కర్ అక్కడి పామాయిల్ మిల్లులో మెకానిక్. అత్తవారిల్లు ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న తండాలో. 'తూకం' పుట్టింది కూడా ఆ తండా దగ్గరి దవాఖానాలోనే. లాలి పెళ్లయి వచ్చిన కొత్తలో, ఆమె పెద్ద ఆడబిడ్డ సోని అక్కడ స్టాఫ్ నర్సు. వానలు మొదలైతే మలేరియా జ్వరాలతో పిల్లలు వరస కడతారు. పిల్లలకు సూది మందు బరువును బట్టి వెయ్యాలి. చంకలో పిల్ల, చుట్టూ ఏడుపులు, ఆ గోలలో సోని కాగితం ముక్క మీద లెక్క కట్టుకోవడం చూసి లాలి ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. బిడ్డ బరువు కొడితే ఏ మందు ఎంత వెయ్యాలో తెర మీద పెద్ద అంకెల్లో వస్తుంది. అంతే దాని పని.

దాన్ని డబ్బుకు అమ్మాలని లాలికి తోచలేదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు అని రాసి, సోర్స్ కోడుతో సహా ఇంటర్నెట్‌లో పెట్టింది. తాను ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో నేర్చుకున్నదంతా అలా ఎవరెవరో ఊరకే పెట్టినవాటి నుంచే. తనదీ ఒకటి ఆ కుప్పలో వేద్దామనుకుంది.

కొన్నాళ్లకు విదేశాల్లోని ఒక స్వచ్ఛంద బృందం ఆ ప్రోగ్రాంని తీసుకుంది. పేద దేశాల ఆసుపత్రుల కోసం కంప్యూటర్ వ్యవస్థను ఉచితంగా కూర్చి ఇచ్చే బృందం అది. ఇలాంటివాళ్లను డిస్ట్రో వాళ్లంటారు. ప్రోగ్రాంలు వాళ్లు రాయరు. లోకంలో వేల మంది విడివిడిగా రాసినవి ఏరి, ఒకదానితో ఒకటి పొసిగేలా సరిచేసి, ఒక మూటగా కట్టి పంచుతారు. తన 'తూకం' ఆ మూటలో చేరిందని తెలిసిన రోజున లాలి భాస్కర్‌తో మిఠాయి తెప్పించింది. ఇంతేం సంబరమని మామ తుల్సీరాం అడిగితే, ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది. మనం బీడీలకు తునికాకు కోసి కట్టలు కట్టి కల్లంలో వేస్తాం, అక్కడి నుంచి లారీ ఏ దేశం పోతుందో మనకు తెలియదు, ఇదీ అట్లాంటిదే అంది. తుల్సీరాం తల ఊపాడు.

ఇప్పుడు ఆ తెలియకపోవడమే ల్యాబులో ఆమె ఎదురుగా కూర్చుంది.

ముందు తన దగ్గరున్న 'తూకం' తెరిచి ఏడున్నర కిలోలని కొట్టింది. మందు సరిగ్గానే వచ్చింది. ఆరున్నర కొట్టింది, తొమ్మిదీ పావు కొట్టింది. అన్నీ సరే. గుండె కొంచెం కుదుటపడింది. పొరపాటు ఆ నర్సుదేనేమో, బరువు తప్పు కొట్టి ఉంటుందనుకుంది. మర్యాదగా ఆ సంగతే రాయబోయి, ఎందుకైనా మంచిదని తెర ఫొటో ఒకటి పంపమని అడిగింది.

ఫొటో మధ్యాహ్నానికి వచ్చింది. బిడ్డ బరువు గడిలో ఇల్డా కొట్టింది ఏడు, చుక్క, అయిదు. దాని కింద ప్రోగ్రాం అర్థం చేసుకున్న బరువు డెబ్బై అయిదు కిలోలు. పైన లాలి పేరు, లాలి మెయిల్. అన్నిటికంటే పైన ప్రోగ్రాం వెర్షన్ నంబరు. ఆ నంబరుకు చివర ఒక గీత, గీత పక్కన ఇంకో అంకె ఉన్నాయి. లాలి తన ప్రోగ్రాంకు ఎప్పుడూ అలా తోక పెట్టలేదు. అది డిస్ట్రో వాళ్లు తగిలించిన గుర్తు. అంటే వాళ్ల చేతిలో ఇందులో ఏదో మారింది.

ల్యాబులో మూలన పడున్న పాత కంప్యూటర్లో ఆ బృందం వ్యవస్థను ఎక్కించింది. భాష దగ్గర పోర్చుగీసు ఎంచుకుంది. ఎక్కేదాకా కాళ్లు ఒకచోట నిలవలేదు. వరండాలోకి వెళ్లింది, వచ్చింది. ఎక్కాక ఏడు, చుక్క, అయిదు కొట్టింది.

డెబ్బై అయిదు.

తన పేరు కిందనే, ఏడున్నర కిలోల బిడ్డకు పెద్దవాళ్ల మోతాదు మందు.

డిస్ట్రో వాళ్లు తాము చేసే మార్పులేవీ దాచరు. అన్నీ బయటే పెడతారు. ఎవరూ చూడరు, అంతే. లాలి కూడా ఏనాడూ చూడలేదు. ఆ రోజు చూస్తే, తన ప్రోగ్రాంలోంచి ఒక చిన్న భాగం మొత్తం తీసేసి ఉంది. కొట్టిన అంకెను చదివే భాగం అది. చేసినవాడి పేరు యానెక్. కారణం కూడా ఒక్క వాక్యంలో రాశాడు: ఈ పని చెయ్యడానికి వ్యవస్థలోనే ఏర్పాటు ఉంది కాబట్టి ఈ సొంత నకలు అనవసరం.

వాళ్ల పద్ధతిలో అది తప్పు కాదు. ఒకే పని యాభై ప్రోగ్రాంలు యాభై రకాలుగా చేసుకుంటే, రేపు ఒక లోపం బయటపడినప్పుడు యాభై చోట్ల బాగుచెయ్యాలి. అందుకని అందరికీ కలిపి ఒకటే ఉంచుతారు. కానీ ఆ ఉమ్మడి ఏర్పాటు ఏ దేశం అలవాటును బట్టి ఆ దేశంలో అంకెలు చదువుతుంది. పోర్చుగీసు రాతలో అరకు, పావుకు కామా పెడతారు. చుక్కను వేలను విడదీయడానికి వాడతారు. కాబట్టి చుక్క కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా దాటేసింది. కామా కొట్టినవాళ్లకు సరిగ్గానే వస్తుంది, చుక్క కొడితే మాత్రం ఏడున్నర డెబ్బై అయిదవుతుంది.

లాలి రాసిన భాగం అలా చెయ్యదు. చుక్క పెట్టినా కామా పెట్టినా, కంగారులో మధ్యన ఖాళీ వదిలినా, అది దశాంశంగానే చదువుతుంది. ఎందుకంటే సోని, ఆమెతో పనిచేసేవాళ్లు తలో రకంగా కొట్టేవాళ్లు. ఆ సంగతి అక్కడే, ఆ భాగం నెత్తిన రాసింది కూడా. తెలుగులో రాసింది.

ఈ మార్పు బయటికి వెళ్లి ఏడాది దాటింది. ఏడాదిలో ఎన్ని ఆసుపత్రులు, ఎంత మంది పిల్లలు? ఆ ఆలోచన రాగానే ఇంకో ఆలోచన దాని వెంటే వచ్చింది. సోని దవాఖానాలో ఉన్న కంప్యూటర్ కూడా ఒక సేవాసంస్థ ఇచ్చిందే. అందులో ఉన్నది కూడా ఈ వ్యవస్థే, ఏ దేశపు అలవాటు పెట్టి ఇచ్చారో తెలియదు.

సోనికి ఫోను చేసింది. కలవలేదు. వానకు అటువైపు సిగ్నల్ పోతూనే ఉంటుంది. సోనితో పనిచేసే కొత్త నర్సు సాయిప్రియకు చేసింది. అదీ కలవలేదు. మిల్లుకు పోయి భాస్కర్‌ను పిలిచింది. అతను చేతుల గ్రీజు తుడుచుకుంటూనే బండి తీశాడు.

దమ్మపేట దాటారు. రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ తోటలు, ఆ తర్వాత అడవి. ఒకచోట వాగు కల్వర్టు మీదుగా పారుతోంది. భాస్కర్ బండి ఆపి నీళ్ల వంక చూసి, లాలిని దింపి నడవమన్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నడిచింది. నీళ్ల భయం ఆ క్షణంలో ఆమెకు లేదు. ఇవాళ దవాఖానాలో ఎవరి బిడ్డ పడుకుని ఉందో, దాని బరువెంతో అనే భయం ఒక్కటే.

దవాఖానా వరండా నిండా జనం. సోని లోపల ఒక పిల్లాడికి సూది వేస్తోంది. లాలి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా కంప్యూటర్ ముందుకు వెళ్లి అంకెలు కొట్టింది. ఏడున్నర, ఏడున్నరగానే వచ్చింది. ఇంకోసారి కొట్టింది. అంతే వచ్చింది. ఇక్కడి కంప్యూటర్‌లో భాష ఇంగ్లీషు. మన దేశపు అలవాటు చుక్కే. ఇక్కడ తప్పు జరిగే వీలు లేదు.

ఆమె స్టూలు మీద కూలబడింది. ఆ ఊరట నిమిషం కూడా నిలవలేదు. ఇక్కడ ఎప్పుడూ సరిగ్గా వస్తుంది కాబట్టే ఏడాదిగా తనకు తెలియలేదు. ఆ నర్సు రాయకపోతే ఎన్నటికీ తెలిసేది కాదు.

సోని వచ్చి సంగతంతా విన్నది.

"నా సంగతైతే బుగులు లేదు, భయపడకు. చేత్తోని లెక్క కట్టినంకనే సూది పట్టుకుంట. మిషిన్ ఒక్కదాని మీదనే ఎప్పుడు భారం పెట్టలే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "సాయిప్రియ గట్ల కాదు. తెర మీద ఏముంటే అదే వేస్తది. నువ్వు చేసినవని నేనే చెప్పిన ఆ పిల్లకు, నమ్ముమని."

లాలికి ఇల్డా రాసిన మాట గుర్తొచ్చింది. కొత్తగా చేరిన పిల్ల. ప్రతి ఆసుపత్రిలోనూ ఒక సాయిప్రియ ఉంటుంది.

సాయంత్రం తండాలో ఇంటికి వెళ్లాక తుల్సీరాం మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. పోడు భూమి కేసులో కొత్తగూడెం కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. కేసన్న మాట ఎవరూ అనకముందే ఆయన ముఖంలోకి వచ్చేసింది.

"మార్చినోడు ఎవడో మార్చిండు. గని పేరు నీదుంది గదా బిడ్డా. కాయితం మీద పేరున్నోళ్లనే పట్టుకుంటరు" అన్నాడు.

లాలికి అంతవరకూ ఆ కోణం తట్టలేదు. ఏదో దేశంలో ఏదో పోలీసు స్టేషన్లో తన పేరు. ఇక్కడ కాలేజీలో ఏటేటా పొడిగిస్తేనే నిలిచే ఉద్యోగం. ఫోను తీసి ఇంటర్నెట్‌లో ఉన్న 'తూకం'ను మొత్తం తీసిపారేద్దామనుకుంది. సిగ్నల్ కోసం గుట్టవైపు నడిచింది. భాస్కర్ వెంట వచ్చాడు.

"నువ్వు తీసేస్తే వాళ్ల దగ్గర ఉన్నది పోతదా?" అని అడిగాడు.

"పోదు."

"ఆఫ్రికా దవాఖానాల ఉన్నది?"

"అది కూడా పోదు. వాళ్లు పంచింది వాళ్లే సరిచెయ్యాలె. నా చేతిల ఏం లేదు."

చెప్పాక ఆమెకే ఆ మాట కొత్తగా వినిపించింది. రాసింది తను. పేరు తనది. వెనక్కి తెచ్చుకునే అధికారం మాత్రం తనకు లేదు. ఎవరైనా మార్చుకోవచ్చని అనుమతి ఇచ్చింది తనే. ఫోను చేతిసంచిలో పెట్టేసి, భాస్కర్‌తో ములకలపల్లి దాకా వెళ్లి, ఒక మీసేవ కేంద్రం వరండాలో నిలబడి యానెక్‌కు మెయిల్ రాసింది.

వెంటనే జవాబు వచ్చింది. కానీ అది మనిషి రాసింది కాదు. నేను సెలవులో ఉన్నాను, వచ్చాక చూస్తాను అని తనంతట తాను వెళ్లే జవాబు.

ఎలాగో వెతికి, ఆ బృందంలో అత్యవసరాలు చూసేవాళ్ల చిరునామా పట్టుకుంది. తప్పు ఎలా జరుగుతుందో, ఏ భాష ఎంచుకుంటే జరుగుతుందో, ఏ వరసలో చేసి చూడాలో పూసగుచ్చినట్టు రాసింది. తెల్లారేసరికి వాళ్ల నుంచి ఒకామె జవాబిచ్చింది. తామూ చేసి చూశామని, నిజమేనని, చాలా బాధగా ఉందని రాసింది. చివర ఒక విన్నపం. సరిచేసిన కూర్పు తయారయ్యేదాకా ఈ సంగతి బయటపెట్టొద్దు. అది తమ ఆనవాయితీ అంది.

ఆ ఆనవాయితీ ఎందుకో లాలికి తెలుసు. కంప్యూటర్‌లోకి దొంగలు దూరే సందు ఉందనుకోండి, మూయకముందే చాటింపు వేస్తే దొంగలకే దారి చూపినట్టు. బయటపెట్టకపోతే తన పేరు కూడా కొన్నాళ్లు బయటికి రాదు. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. ఆ పొద్దున పాఠం చెబుతూ కూడా మనసులో దాన్నే తిప్పుకుంది. ఈలోపల ఏ ఊళ్లోనో ఏ పిల్లో తెర మీద ఏముంటే అది వేస్తూనే ఉంటుంది.

క్లాసు మధ్యలో ఆపి, పిల్లలను చదువుకోమని చెప్పి, వరండాలోకి వచ్చి రాసింది. "ఇది దొంగలు దూరే సందు కాదు. నర్సు చేతిలో సూది. మీరు ఈ రోజే హెచ్చరిక పెట్టండి. చుక్క కొట్టొద్దు, ప్రోగ్రాం చూపించే బరువును చదివి చూసుకోండి అని చెప్పండి. మీరు పెట్టకపోతే సాయంత్రం నేను పెడతాను. నా పేరుతోనే పెట్టండి, ఫర్వాలేదు."

పంపాక గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత క్లాసులోకి వెళ్లి ఆపిన చోటి నుంచి పాఠం అందుకుంది.

సాయంత్రం కాకముందే వాళ్లు హెచ్చరిక పెట్టారు.

సరిచెయ్యడం దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఈ ఏడాదిలో లాలి 'తూకం'ను బాగా మెరుగుపరిచింది. ఈ కొత్తదే తీసుకోండి, పాతది ఇంకా ఎందుకు పంచుతున్నారని అడిగింది. వాళ్లు కుదరదన్నారు. ఆసుపత్రులకు ఇచ్చిన మూటలో కొత్త కూర్పులు ఎక్కించరట. ఎంత చిన్న మార్పుతో లోపం పోతుందో అంతే చేస్తారట. లాలికి కోపం వచ్చింది. తను రాసినదాంట్లో ఏది ఉండాలో తను చెబితే కుదరదా అని భాస్కర్ దగ్గర మండిపడింది. భాస్కర్ మిల్లు మనిషి. నడుస్తున్న మిషన్లో ఒక బేరింగు పోతే బేరింగే మారుస్తాం గాని మిషన్ను మార్చం గదా అన్నాడు. ఆమె కోపం ఆ రాత్రికి చల్లారలేదు. పొద్దున లేచి మాత్రం, వాళ్లు అడిగినట్టే, తీసేసిన ఆ ఒక్క భాగాన్నే తిరిగి అతికించే సవరణ రాసి పంపింది.

అప్పుడే యానెక్ సెలవు నుంచి వచ్చాడు. వీడియోలో మాట్లాడదామని అడిగాడు. పోలండులో ఉంటాడట. లిఫ్టులు బాగుచెయ్యడం వృత్తి. ఇది సాయంత్రాలు ఊరికే చేసే పని. వందల ప్రోగ్రాంలను మూటలో సర్దే బాధ్యత ఒక్కడి మీదే ఉంది. లాలి అతన్ని నిలదీయాలనే కూర్చుంది. తెర మీద కనిపించిన మనిషి ముఖం తన ముఖంలాగే ఉంది. నిద్ర లేని ముఖం.

అతను ముందుగా అడిగింది ఒకటే. ఆ భాగం నెత్తిన మీ భాషలో ఏదో రాసి ఉంది, ఏమిటది అని.

లాలి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. "చుక్క అయినా కామా అయినా దశాంశం కిందే లెక్క. నర్సులు తొందరలో రెండూ కొడతారు. దీన్ని ఎవరూ మార్చొద్దు, బిడ్డ ప్రాణం."

ఆ అక్షరాలు తనకు ముగ్గులాగా కనిపించాయని, అందంగా ఉన్నాయనుకున్నానని, అర్థం అడగాలని తోచలేదని యానెక్ అన్నాడు. ముగ్గు అన్న మాట అతనికి తెలియదు. ఏవో చుక్కలూ వంపులూ అని వేలితో గాలిలో గీసి చూపించాడు. లాలికి అతని మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు. నేనైనా ఇంగ్లీషులో కూడా రాసి ఉండాల్సింది అంది. మేము మార్చేముందు మీకొక మాట రాసి ఉండాల్సిందని అతను అన్నాడు. వాళ్ల పద్ధతి ప్రకారం రాయనవసరం లేదు. ఆమె ఇచ్చిన అనుమతి ప్రకారం కూడా రాయనవసరం లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

సరిచేసిన కూర్పు బయటికి వెళ్లింది. అది అడవుల్లో ఉన్న కంప్యూటర్లకు చేరడం వేరే కథ. నెట్ ఉన్న రోజే అందుతుంది. ఇల్డా తన ఆసుపత్రిలోదాన్ని సరిచేసుకుని, దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకు తనే తీసుకెళ్తున్నానని రాసింది.

ఇక జవాబులు రావడం మొదలైంది. హెచ్చరిక చూసినవాళ్లు బృందానికి రాస్తే, వాళ్లు లాలికి పంపేవాళ్లు. కొందరు తిట్టారు. పిల్లల ప్రాణాలతో ఆటలా అని ఒకడు నేరుగా ఆమెకే రాశాడు. రెండు ఆసుపత్రుల నుంచి మాత్రం, మాకూ ఒకసారి అలాగే వచ్చింది, చూసుకుని ఆపేశాం అని వచ్చింది. ఫోను మోగితే లాలి వెంటనే ఎత్తేది కాదు, ముందు ఎవరో చూసుకునేది. కాలేజీ ప్రిన్సిపాల్ నిర్మలాదేవి ఒకరోజు పిలిపించి, ఇంటర్నెట్‌లో నీ పేరు వస్తోందట, ఏమిటని అడిగింది. లాలి దాచకుండా చెప్పింది. ఆవిడ విని, కాలేజీ పేరు ఎక్కడా లేదు కదా అని మాత్రం అడిగి పంపేసింది. ఆ మాటకు అర్థమేమిటో లాలికి బోధపడలేదు. అదొక భయంగా మిగిలింది.

అన్నిటికంటే భయంకరమైన మెయిల్ ఆ తర్వాత వచ్చింది. ఇల్డా దేశంలోనే ఇంకో ఆసుపత్రి. మా దగ్గర ఎండాకాలానికి ముందు మలేరియాతో ఒక బిడ్డ చనిపోయింది, మేం ఈ ప్రోగ్రామే వాడాం, కారణం ఇదేనా అని అడిగారు.

లాలి దాన్ని చదివి ఫోను బోర్లించి పెట్టింది. తర్వాత భాస్కర్ చేతికిచ్చి నువ్వు చదువు అంది. అతను చదివి, దాన్ని యానెక్‌కు పంపమన్నాడు. బిడ్డ బరువు ఎంతో, ఏ అంకె కొట్టారో రాసి ఉంచారా అని యానెక్ వాళ్లను అడిగాడు. జవాబు వెంటనే రాలేదు. పాత చీటీలు వెతకాలన్నారు.

ఆ వెతుకుతున్నన్ని రోజులు లాలి ఎలా గడిపిందో ఆమెకే సరిగా గుర్తులేదు. కాలేజీకి వెళ్లేది. బోర్డు మీద ఏదో రాసేది, రాస్తూ ఆగిపోయేది. ఆదివారం తండాకు వెళ్తే, సోని చంకలో ఎవరిదో పిల్ల కనిపించింది. సోని అలవాటుగా, ఎత్తుకో అని అందించింది. లాలి చేతులు చాచలేదు. ఆ పిల్ల ఎన్ని కిలోలుంటుందో చూడగానే లోపల లెక్క కట్టేసింది. సోనికి అర్థమైంది. పిల్లను తల్లికిచ్చేసి వచ్చి లాలి పక్కన కూర్చుంది.

"మేం రోజూ గిట్లనే బతుకుతం లాలీ" అంది మెల్లగా. "సూది వేసి పంపించినంక ఆ పోరడు పొద్దుగాల కండ్లు తెరుస్తడా లేదా అని ఇంట్ల పండుకొని సోచాయిస్తుంట. నీకు ఇప్పుడు తెలిసింది."

లాలి ఆమె భుజం మీద తల పెట్టుకుంది. ఏడుపు రాలేదు.

చీటీ దొరికింది. ఆ బిడ్డ బరువు సరిగ్గా ఎనిమిది కిలోలు. చుక్క లేదు. ఎనిమిదిని ఏ భాషలో చదివినా ఎనిమిదే. వేసిన మందు సరైన మందే. బిడ్డను ఆసుపత్రికి తెచ్చేసరికే జ్వరం తలకెక్కింది.

యానెక్ ఆ సంగతి రాస్తూ, తప్పు మనది కాదు అన్నాడు. లాలి ఆ మెయిల్ చదివి గట్టిగా ఊపిరి వదిలింది. ఒళ్లంతా తేలికపడింది. ఆ వెంటనే తనను తాను చూసుకుని నిర్ఘాంతపోయింది. ఎక్కడో ఒక తల్లి బిడ్డ పోయింది, తను ఇక్కడ హమ్మయ్య అనుకుంటోంది. అప్పుడు వచ్చింది ఏడుపు. భాస్కర్ పామాయిల్ వాసన వేసే చొక్కాతోనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇంకెవరికైనా జరిగిందా, జరిగి ఎవరూ గమనించలేదా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. హాని జరిగినట్టు ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. రాయని ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో కూడా ఎవరికీ తెలియదు.

లాలి 'తూకం'ను తీసెయ్యలేదు. తీసేస్తే సోనికి మళ్లీ ఒక్క కాగితం ముక్కే దిక్కు, ఇల్డాకు కూడా. అందులో మార్పులు మాత్రం చేసింది. ఇప్పుడు ప్రోగ్రాం బిడ్డ వయసు కూడా అడుగుతుంది, వయసుకు ఆ బరువు పొసగకపోతే మందు చెప్పదు, మళ్లీ తూచమంటుంది. తెలుగులో రాసిన ప్రతి హెచ్చరిక కింద ఇంగ్లీషులోనూ రాసింది. తప్పు చదివితే అక్కడే ఆగిపోయే పరీక్షలు కొన్ని చేర్చింది. ఎవరు మూట కట్టినా కట్టేముందు ఆ పరీక్షలు నడపాలని విన్నవించుకుంది. విన్నపమే, షరతు కాదు. షరతు పెట్టే హక్కు ఆమె వదులుకున్నదే కదా. యానెక్ ఇప్పుడు అక్షరం మార్చినా ముందు రాస్తాడు. ఒక్కోసారి మరీ చిన్న విషయాలకు కూడా రాస్తాడు. లాలి అన్నిటికీ జవాబిస్తుంది. వాళ్ల కొత్త మూట వచ్చినప్పుడల్లా ల్యాబులోని పాత కంప్యూటర్లో ఎక్కించి, భాషలన్నీ మార్చి మార్చి అంకెలు కొట్టి చూసుకుంటుంది. పిల్లలు మేడమ్‌కు ఇదేం పిచ్చి అనుకుంటారు.

ఏటేటా పొడిగించే ఆ ఉద్యోగం ఆ ఏడూ పొడిగించారు. నిర్మలాదేవి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. తుల్సీరాం మాత్రం ఊళ్లోకి కొత్త జీపు ఏది వచ్చినా, కోడలి కోసం కాదు గదా అని గడపలోంచి తొంగిచూసేవాడు. చాలా నెలలు అలాగే చూశాడు.

ఈ మధ్య ఇంకో దేశపు బృందం, మీ ప్రోగ్రాంని మేమూ మా మూటలో పెట్టుకున్నామని సంతోషంగా రాసింది. లాలికి సంతోషం రాలేదు. ముందు వాళ్లు ఏం మార్చారో తెరిచి చివరి వరస దాకా చదివింది. ఏమీ మార్చలేదు. అప్పుడు ధన్యవాదాలు రాసింది.

అదే వారంలో సోని ఫోను చేసింది. దవాఖానాకు పిల్లల మూర్ఛ మందు కొత్తగా వచ్చిందట, అది కూడా బరువును బట్టే వెయ్యాలట. 'తూకం'లో చేర్చగలవా అని అడిగింది. లాలి తెర మీది పాత మందుల వరస చూస్తూ ఉండిపోయింది.

"వింటున్నవా?" అంది సోని.

"అవ్ వదినా, వింటున్న. డాక్టరమ్మను ఆ మోతాదు కాయితం సంతకం పెట్టి పంపమను. నువ్వూ ఒకసారి చేత్తోని కట్టి చూడు. యానెక్‌ను కూడా చూడమంట. ముగ్గురం చూసినంకనే పెడత."

"నీకింకా బుగులు పోలేదా?"

"పోలే" అంది లాలి. "బుగులు పోయిన రోజు నేను రాయొద్దు వదినా."

ఫోను పెట్టేసి ల్యాబు తలుపు దగ్గరికి లాగింది. బయట పిల్లలు ఇంటికి వెళ్తున్న చప్పుడు. కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త మందు పేరు కొట్టి, అది సరిగ్గా పడిందో లేదో ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువుకుంది.